ఇంటి గడప దాటని కథలు: కుర్ర రచయితలకు ఒక ఒమాన్ నవల

పద్నాలుగు, పదిహేనేళ్ళకు కథలు రాయడం మొదలుపెట్టే పిల్లల దగ్గర ఒక ఫిర్యాదు మామూలుగా వినిపిస్తుంది. "మా ఇంట్లో ఏమీ జరగదండీ, దేని గురించి రాయమంటారు?" అందుకే వాళ్ళ కథల్లో హీరోలు అమెరికాలో ఉంటారు. హత్యలు జరుగుతాయి. వర్షంలో, రైల్వే స్టేషన్లో ఎవరో ఎవరినో వదిలి వెళ్ళిపోతారు. అమ్మమ్మ సాధింపులు, మేనమామ పెళ్ళిలో అలకలు, నాన్న చేసిన అప్పు మాత్రం కథలకు పనికిరావని ముందే తీర్మానించేసుకుంటారు.

అలాంటి పిల్లల చేతిలో పెట్టదగ్గ నవల ఒకటి ఒమాన్ నుంచి వచ్చింది. రాసినావిడ జోఖా అల్‌హార్తీ. అరబిక్‌లో దాని పేరు 'సయ్యిదాత్ అల్ ఖమర్', 2010లో వెలువడింది. మారిలిన్ బూత్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని 'సెలెస్టియల్ బాడీస్' అన్న పేరుతో 2018లో స్కాట్లండ్‌లోని శాండ్‌స్టోన్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ వేసింది. మరుసటి ఏడు, 2019 మే నెలలో, దానికి మాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి దక్కింది. అరబిక్ రచనకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 50 వేల పౌండ్ల సొమ్మును రచయిత్రి, అనువాదకురాలు చెరిసగం పంచుకున్నారు.

బహుమతి కబురు అందరికీ తెలిసిందే. కలం పట్టిన పిల్లలకు పనికొచ్చేది ఆ పుస్తకంలోని పనితనం. ఒక దేశం మొత్తం తలకిందులైన కథను జోఖా ఒక్క ఇంటి లోపల కూర్చుని చెప్పింది. ఎలా చెప్పిందో దగ్గరగా చూస్తే, రాయడంలో చాలా మెలకువలు మనకూ పట్టుబడతాయి.

మస్కట్ పేరు మనకు కొత్త కాదు. కడప పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎందరో. మన ఊళ్ళలో మస్కట్ అంటే ఏజెంటు, వీసా, తాళ్ళు కట్టిన పెద్ద పెట్టె, సెంటు సీసా. అక్కడి ఇళ్ళ లోపల మనుషులు ఎలా ఉంటారన్నది ఆ ఇళ్ళలో పనిచేసి వచ్చిన మన ఆడవాళ్ళు చెబితేనే బయటికి వస్తుంది. ఈ నవల ఆ ఇంటి తలుపును లోపలి వైపు నుంచి తీస్తుంది.

ముందు ఆ దేశం సంగతి రెండు మాటల్లో. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి ఒమాన్‌లో ఉన్న బడులు మూడు. వాటిలో చదివేది 900 మంది దాకా, అందరూ మగపిల్లలే. తారు రోడ్డు పది కిలోమీటర్లు ఉంటే గొప్ప. బానిసత్వానికి చట్టప్రకారం తెరపడింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత చమురు డబ్బుతో రోడ్లు, ఆస్పత్రులు, ఆడపిల్లల బడులు, 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం, అన్నీ ఒక తరం లోపలే వచ్చిపడ్డాయి. 1978లో పుట్టిన జోఖా ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలోనే అరబిక్ సాహిత్యం బోధిస్తోంది. అమ్మమ్మ తరం బానిసల మధ్య బతికింది, మనవరాలి తరం డాక్టరీ చదివింది. ఇంత మార్పు గురించి రాయాలంటే ఎవరైనా ఏం చేస్తారు? మొదటి పేజీలోనే చరిత్ర పాఠం మొదలుపెడతారు.

జోఖా ఆ పని చేయలేదు. అల్ అవాఫీ అనే ఊళ్ళో ఒక అమ్మాయిని సింగర్ కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి పేరు మయ్యా. లండన్‌లో కొన్నేళ్ళుండి, డిగ్రీ లేకుండానే తిరిగొచ్చిన ఒకతన్ని చూసి ఆమె మనసు పారేసుకుంది. అతనికి ఆ సంగతే తెలియదు. తనకేమీ వద్దనీ, ఒక్కసారి అతన్ని కంటితో చూస్తే చాలనీ దేవుడికి మొక్కుకుంటుంది. ఇంతలో తల్లి వచ్చి, వర్తకుడు సులైమాన్ కొడుకుతో సంబంధం వచ్చిందని చెబుతుంది. ఈ పిల్ల ఒక్క మాట మాట్లాడదు.

ఈ మొదలును మళ్ళీ మళ్ళీ చదివి చూడండి. కోరిక ఉంది, దానికి అడ్డు ఉంది, నోరు విప్పని మనిషి ఉంది. చేతికి పని ఉంది, పక్కన ఒక వస్తువు ఉంది. ఎడారి వర్ణన లేదు, ఒంటెల బారు లేదు, సుల్తాను లేడు. అయినా ఆ ఇంట్లో ఆడపిల్ల మాటకు ఎంత విలువ ఉందో మనకు తెలిసిపోయింది. విదేశానికి వెళ్ళొచ్చినవాడంటే ఆ ఊరికి ఎంత మోజో కూడా తెలిసిపోయింది.

మన పిల్లల కథల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: "లక్ష్మి చాలా బాధపడింది. ఆమె గుండె బరువెక్కింది. కళ్ళు చెమర్చాయి." మూడు వాక్యాలూ ఒక్క సంగతే చెబుతున్నాయి, లక్ష్మి మాత్రం కనబడదు. అదే మరోలా: "లక్ష్మి చపాతీ పిండిలో నీళ్ళెక్కువ పోసింది. ఇంకాస్త పిండి వేసింది. మళ్ళీ నీళ్ళు పోసింది. అమ్మ చూసి ఏమీ అనలేదు." బాధ అన్న మాట ఎక్కడా లేదు. కానీ బాధ ఉందని మనకు తెలుసు, అమ్మకూ తెలుసని తెలుసు. మయ్యా కుట్టుమిషను చేసే పని అదే. ఈ రాత్రికి మీ ఇంట్లో ఒక వస్తువును ఎంచుకోండి. నాన్న హెల్మెట్టయినా సరే, తాతయ్య మందుల డబ్బా అయినా సరే. దాన్ని వాడే మనిషిని ఒక పేజీ రాయండి. కోపం, ప్రేమ, బాధ, సంతోషం అన్న నాలుగు మాటలు మాత్రం వాడొద్దని నియమం పెట్టుకోండి.

నవలలోని మరో గొప్ప పనితనం బిడ్డకు పేరు పెట్టిన ఘట్టం. మయ్యా పెళ్ళయి, కూతుర్ని కంటుంది. తల్లి సాలిమా తరానికి కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతిలోనే. మయ్యా మాత్రం మస్కట్‌లో ఆస్పత్రికి వెళ్తానని పట్టుబడుతుంది. పుట్టిన పిల్లకు 'లండన్' అని పేరు పెడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. పిల్లకు ఊరి పేరేమిటి, అదీ పరాయి మతం వాళ్ళ ఊరు! మయ్యా కారణం చెప్పదు. ఆమెను ప్రాణంలా చూసుకునే భర్త అబ్దుల్లాకూ తెలియదు. తనంటే ప్రేమ ఉందా అని అతను అడిగితే ఆమె నవ్వేస్తుంది. తెలిసింది పాఠకుడికి ఒక్కడికే. అక్కడి నుంచి నవలలో ఎవరు ఆ పిల్లను పేరు పెట్టి పిలిచినా మన మనసు ఒకసారి కలుక్కుమంటుంది. రచయిత్రి ఆ తర్వాత ఒక్క వ్యాఖ్యానం కూడా చేయనక్కర్లేకపోయింది.

పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలిస్తే, కథ దానంతటదే బిగుస్తుంది. పిల్లలు దీనికి తలకిందులుగా వెళ్తారు. అన్నీ దాచిపెట్టి, చివరి లైనులో "ఆమె అతని చెల్లెలే!" అని పేలుస్తారు. ఆ పేలుడు ఒకసారికే పనికొస్తుంది. గుట్టును రెండో పేజీలోనే పాఠకుడి చేతిలో పెడితే, పక్కనున్న పాత్రలు అమాయకంగా మాట్లాడే ప్రతి మాటా దాన్ని కెలుకుతూ ఉంటుంది.

మూడోది, కాలంతో ఆమె ఆడిన ఆట. నవలలో ఎక్కువ అధ్యాయాలు పైనుంచి చూస్తూ చెప్పినట్టు నడుస్తాయి. వాటి మధ్య మధ్య అబ్దుల్లా "నేను" అంటూ మాట్లాడతాడు. అతను ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే విమానంలో కూర్చుని ఉంటాడు. నడివయసు మనిషి, డబ్బున్నవాడు, పిల్లలున్నవాడు. కునుకు పట్టీ పట్టక, మనసు చిన్నప్పటికి పోతుంది, పెళ్ళికి వస్తుంది, కూతురి సంగతికి దూకుతుంది, మళ్ళీ తండ్రి దగ్గరికి పోతుంది. తండ్రి అతన్ని తాడు కట్టి బావిలో తలకిందులుగా వేలాడదీసిన శిక్ష పదేపదే గుర్తొస్తుంది. తండ్రి పోయి ఎన్నేళ్ళయినా భయం పోలేదు. ఇంత చెల్లాచెదురుగా తిరిగినా మనం దారి తప్పం, ఎందుకంటే మనిషి ఉన్న చోటు మారలేదు: అదే విమానం, అదే సీటు. గుంజకు కట్టిన ఆవు తాడు ఉన్నంత మేరా మేస్తుంది, మళ్ళీ గుంజ దగ్గరికే వస్తుంది. జ్ఞాపకాల కథ రాయాలనుకునే పిల్లలు ముందు గుంజ పాతుకోవాలి. బస్సు ప్రయాణం, కరెంటు పోయిన గంట, ఆస్పత్రి వరండాలో ఎదురుచూపు, ఏదో ఒకటి. చిన్నప్పటి నుంచి వరుసగా చెప్పుకొస్తే అది కథ కాదు, బయోడేటా అవుతుంది.

ఇక జరీఫా. ఈ పాత్ర ఒక్కదాని కోసమైనా ఈ నవల చదవాలి. వర్తకుడు సులైమాన్ ఇంట్లో బానిస. తల్లి లేని అబ్దుల్లాను పెంచిన తల్లి కూడా ఆమే. ఆ యజమానికి ఆమె ఇంకేమిటన్నది కూడా ఊరందరికీ తెలుసు. బానిసత్వాన్ని రద్దు చేయాలని జెనీవాలో దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేసిన రోజునే, 1926 సెప్టెంబరు 25న, ఒక బానిస తల్లికి ఆమె పుట్టినట్టు జోఖా రాస్తుంది. ఆ సంతకాల కబురు ఆ పాకలోకి రానేలేదు. ఒక్క తేదీతో అంతా చెప్పి, రచయిత్రి పక్కకు తప్పుకుంది.

జరీఫా నోరు విప్పితే సామెతే. మన పల్లెల్లో మాటకు ముందొక సామెత, మాట వెనకొక సామెత వేసే పెద్దమ్మలు ఉంటారు కదా, అచ్చం అలాగే. రచయితలు చాలామంది సామెతల్ని అలంకారానికి వాడతారు. జరీఫాకు మాత్రం అవే ఆస్తి. చదువు లేదు, డబ్బు లేదు, తన ఒంటి మీద తనకు హక్కు లేదు. పరువుగా మాట్లాడటానికి, ఎదుటివాడి నోరు మూయించడానికి ఆమెకున్నవి ఆ మాటలే. కొడుకు సంజర్‌కు ఈ ధోరణి అంటే ఒళ్ళు మంట. చట్టం మనల్ని విడిచిపెట్టింది, ఇంకా ఆ దొరకు ఊడిగమేమిటని తల్లితో పోట్లాడి, కువైట్ వెళ్ళిపోతాడు. తల్లికేమో ఆ ఇల్లే లోకం, తాను పెంచిన బిడ్డ ఉన్నదీ అక్కడే. ఇద్దరిదీ న్యాయమే. రచయిత్రి ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోదు.

సమాజ సమస్యల మీద రాయాలనుకునే కుర్రవాళ్ళు ఈ తల్లీకొడుకుల తగవును పాఠంలా చదవాలి. కట్నం మీద, కులం మీద, రైతు మీద మన పిల్లలు రాసే కథల్లో చివరికి ఎవరో ఒకరు నిలబడి ఉపన్యాసం ఇస్తారు. ఆ ఉపన్యాసాన్ని కొట్టేయండి. దాని బదులు ఒకే ఇంట్లో ఇద్దర్ని పెట్టండి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం ఉండాలి, ఇద్దరి మాటలోనూ నిజం ఉండాలి. మీరు ఏ పక్షమో చదివేవాళ్ళకు చప్పున తెలియకుండా రాయగలిగితే, మీ కథ నిలబడ్డట్టే.

దీనికి తోడు మరొక అలవాటు చేసుకోండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటలు రాసుకోండి. సామెత ఒక్కటే రాస్తే లాభం లేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏ గొంతుతో అన్నారో కూడా రాయాలి. మన ఇంట్లో మాట్లాడే తెలుగు పుస్తకాలకు తగదేమోనన్న బెంగ వద్దు. చిత్తూరు పల్లె మాటతోనే నామిని 'పచ్చనాకు సాక్షిగా' రాశారు. కావలి వీధుల్లో ఒక పిల్లవాడి గొంతుతోనే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నడిచాయి. ఈ రెండు పుస్తకాలూ చదివాక, ఇంటి భాష మీద చిన్నచూపు మిగలదు.

నవలలో చెప్పకుండా వదిలేసినవీ తక్కువేం కాదు. మయ్యా తండ్రి అజ్జాన్, నజియా అనే ఎడారి స్త్రీ ప్రేమలో పడతాడు. అబ్దుల్లా తల్లి ఎలా చనిపోయిందన్నది చివరిదాకా పుకార్ల మధ్యే ఉంటుంది. మయ్యా చెల్లెళ్ళు ఇద్దరిలో అస్మా పుస్తకాల పురుగు. గుర్రాల బొమ్మలు వేసే ఖాలిద్‌ను చేసుకుంటుంది. ఖవ్లా మాత్రం చిన్నప్పుడు మాట ఇచ్చుకున్న బావ కెనడా నుంచి వస్తాడని వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతుంది. అతను వచ్చి పెళ్ళయితే చేసుకుంటాడు. మనసు మాత్రం అక్కడే వదిలి వచ్చాడు. ఒక్కొక్కరి కథా ముక్కలుగా, ముందూ వెనకా అయి వస్తుంది. అతికించుకునే పని పాఠకుడిది.

ఇక్కడే ఒక లోపమూ చెప్పాలి. పేర్లు ఎక్కువ, తరాలు ఎక్కువ. ఇంగ్లీషు ప్రతిలో మొదట్లోనే వంశవృక్షం వేయాల్సి వచ్చింది. చదువుతూ చదువుతూ వెనక్కి తిప్పి చూసుకోని పాఠకుడు ఉండడు. అంతకు ముందే ఒక నవల రాసిన అనుభవం ఉన్నా తేలని చిక్కు ఇది కాబట్టి, మొదటి కథలోనే పదిహేను మందిని దింపకండి. ఇద్దరు చాలు, ముగ్గురైతే ఎక్కువ. ఇంకొక సంగతి: ఈ నవలలో పెద్దవాళ్ళ లోకం ఉంది, క్రూరత్వం ఉంది, ఒంటి సంబంధాల ప్రస్తావన ఉంది. పదహారు దాటినవాళ్ళకైతే నేరుగా ఇవ్వొచ్చు. అంతకంటే చిన్నవాళ్ళయితే ఇంట్లో పెద్దవాళ్ళో, మాస్టారో ముందు చదివి ఇస్తే మంచిది.

అల్ అవాఫీ కల్పిత గ్రామం. మ్యాపులో వెతికితే దొరకదు. ఆర్.కె. నారాయణ్‌కు మాల్గుడి ఎలాగో ఈమెకు అది అలాగ. దీనివల్ల కుర్ర రచయితలకు పెద్ద సౌకర్యం ఉంది. ఇంట్లోవాళ్ళ గురించి రాస్తే అత్తయ్య కోప్పడుతుందేమో, నాన్న తిడతాడేమో అన్న భయం అందరికీ ఉంటుంది. ఊరి పేరు మార్చండి, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక్కరిని చేయండి, అత్తయ్య గుణాన్ని ఒక బస్సు కండక్టరుకు ఇవ్వండి. నిజం చెక్కుచెదరదు, ఎవరి పరువూ బజారున పడదు.

ఈ నవల పుట్టిన తీరు కూడా తెలుసుకోదగ్గది. జోఖా అప్పుడు ఎడిన్‌బరోలో ప్రాచీన అరబిక్ కవిత్వం మీద పరిశోధన చేస్తోంది. చంటిబిడ్డ, తాత్కాలికంగా ఉంటున్న అద్దె ఇల్లు, ఇంగ్లీషులో సిద్ధాంత వ్యాసం రాసి తీరాల్సిన ఒత్తిడి. బిడ్డను పడుకోబెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తన భాష మీద బెంగతో అరబిక్‌లో రాయడం మొదలుపెట్టానని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. తీరిక దొరికాక రాద్దామనుకుంటే ఆ పుస్తకం ఇప్పటికీ వచ్చేది కాదు. మస్కట్‌లోనో, దుబాయిలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ సంగతి మరీ దగ్గరగా తగులుతుంది. బడిలో ఒక భాష, బజారులో మరో భాష, ఇంట్లో మాత్రమే తెలుగు. ఆ ఇంటి తెలుగు తప్పులతో ఉన్నా సరే, అందులోనే రాయండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

తొందర వద్దన్నది కూడా ఆమె బతుకే చెబుతుంది. మొదటి కథల సంపుటి 2001లో, మొదటి నవల 2004లో వచ్చాయి. ప్రపంచం తిరిగి చూసింది 2019లో. మన శ్రీశ్రీనే చూడండి. 'ప్రభవ' అచ్చయ్యేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. ఆ పుస్తకంలో తర్వాతి శ్రీశ్రీ కనబడడు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. తొలి పుస్తకం చేయి తిప్పుకోవడానికే అనుకుంటే భయం సగం పోతుంది.

రాసినదాన్ని రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం బాగోలేదని లెక్క. మొదటి పేరా కొట్టేసి చూడండి. చాలా కథలు నిజానికి రెండో పేరాలో మొదలవుతాయి. చివరి వాక్యం నీతి చెబుతుంటే అదీ తీసేయండి. ఆ తర్వాత దాచుకోకుండా పంపండి. పిల్లల రాతలకు చోటిచ్చే 'కొత్తపల్లి' లాంటి పత్రికలున్నాయి. మంచి పుస్తకం, తానా సంస్థలు కలిసి పిల్లల కోసం రాసే నవలలకు పోటీలు పెట్టాయి. తిరిగొస్తే తిరిగొచ్చింది. రెండో కథ రాస్తూ ఉండగా వస్తే అంత నొప్పి ఉండదు.

టీచర్లకూ తల్లిదండ్రులకూ ఒక్క మనవి. పిల్ల తన కథ తెచ్చి చూపిస్తే ఎర్ర పెన్ను అందుకోకండి. ముందు ఆసాంతం చదవండి, అందులో మీకు కళ్ళకు కట్టిన ఒక్క వాక్యం ఏదో చెప్పండి. వత్తులూ దీర్ఘాలూ మర్నాడు దిద్దొచ్చు. పిల్లలకు చెప్పేది కూడా ఒక్కటే: మీ అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల్లో ఎవరున్నా ఈ ఆదివారం దగ్గర కూర్చోబెట్టుకుని, వాళ్ళకు పదిహేనేళ్ళప్పుడు ఇల్లు ఎలా ఉండేదో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీ మొదటి మంచి కథ అందులోనే ఉంటుంది.